రాత్రి షిఫ్టు యాభైలు

యాభైకీ యాభైకీ పొంతన లేదని కంప్యూటర్ మొండికేసింది. పాములాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు, మళ్ళీ ముక్కు మీదికి దించాడు, తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి చూశాడు. ఇటు యాభై, అటు యాభై. రెండూ సమానమా అని అడిగితే కాదంటోంది. బడికి పోని పిల్లాడు కూడా చెప్పే లెక్క అది.

అద్దకం మిల్లులో బాయిలర్ చూసుకునే మనిషికి పాములతో ఏం సంబంధం అంటే, ఏమీ లేదు. మూడేళ్ళ కిందట ఆయన ఎవరో వాడేసిన లాప్‌టాప్ ఒకటి కొని, వీడియోలు చూస్తూ పైథాన్ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పైథాన్ అంటే కొండచిలువ అని స్టోర్స్ గుమాస్తా ఎక్కడో చదివి మిల్లంతా చాటాడు. అంతే, ఆ రోజు నుంచి ఆయన పాములాయన. బుట్టలోంచి లేచిందా, పడగ విప్పిందా అని గేటు దగ్గర అడిగేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆయన రాసిన ప్రోగ్రాములేమీ లోకాన్ని ఉద్ధరించలేదు. ఇంట్లో గ్యాస్ బండ ఏ తేదీకి అయిపోతుందో చెప్పేది ఒకటి. అది చెప్పిన తేదీకి నాలుగు రోజుల ముందే బండ అయిపోతే, మీ పాముకి పొయ్యి సంగతేం తెలుసండీ అని భార్య దెప్పింది. అయినా ఆయనకు అదో పిచ్చి. రోజుకొక గంట ఆ తెర ముందు కూర్చుంటే తనని ఎవరూ కసరరు.

ఇప్పుడు కూర్చున్నది మాత్రం సరదాకి కాదు. గోడ పక్కన పీట మీద మరదలు, అంటే ఆయన భార్య చెల్లెలు, చేతిలో ఫోను పట్టుకుని కూర్చుంది. ఆమె మొగుడు అదే మిల్లులో, అదే బాయిలర్ దగ్గర పొద్దుటి షిఫ్టు మనిషి. తోడల్లుడు కదా అని ఏడేళ్ళ కిందట పాములాయనే పట్టుబట్టి చేర్పించాడు. పన్నెండు రోజులుగా అతను ఆసుపత్రిలో ఉన్నాడు. బాయిలర్ గొట్టాలు పగిలి ఆవిరి తన్నినప్పుడు మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. మొహం దక్కింది. చేతులు మోచేతుల దాకా కట్లలో ఉన్నాయి, ఎన్ని వేళ్ళు మిగులుతాయో డాక్టరు ఇంకా చెప్పలేదు.

మిల్లువాళ్ళు మాత్రం అప్పుడే తేల్చేశారు. బాయిలర్లో నీళ్ళు అడుగంటుతున్నా చూసుకోకుండా డ్యూటీలో నిద్రపోయాడని మేనేజరు రిపోర్టు రాశాడు. శుక్రవారం విచారణ, పైనుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు. నిద్ర అన్న ఆ ఒక్క మాట నిలబడితే ఉద్యోగంతో పాటు లైసెన్సు కూడా పోతుంది. రేపు చేతులు బాగుపడినా ఏ బాయిలర్ గడపా తొక్కనివ్వరు. ఆరింటికి డ్యూటీ ఎక్కినవాడు ఆరూ నలభైకల్లా ఎలా నిద్రపోతాడని అడిగే నాథుడు లేడు.

పాములాయన అడుగుదామనుకున్నాడు. నోటితో అడిగితే మేనేజరు వినడు కాబట్టి లెక్కతో అడుగుదామనుకున్నాడు.

బాయిలర్ లోపల నీళ్ళెంత ఉన్నాయో బయటికి చూపించేది ఒక గాజు గొట్టం. నిండా ఉంటే నూరు, సగముంటే యాభై. గంట గంటకీ చూసి లాగ్‌బుక్కులో రాయాలి. ఆ గొట్టానికి నీళ్ళొచ్చే దారిలో మడ్డి పేరుకుంటే, లోపల నీళ్ళు ఎండిపోతున్నా గాజులో మాత్రం కదలకుండా నిలబడి అబద్ధం చెబుతాయి. ఆ గొట్టం చాలా రోజులుగా మూసుకుపోయి ఉందని, అబద్ధమాడింది గాజే గాని తోడల్లుడు నిద్రపోలేదని ఆయన వాదన. అదే నిజమైతే పుస్తకంలో అంకెలు కదలకూడదు. నలభై రోజుల అంకెలు, రోజుకి ఇరవై నాలుగు. ఉత్త కళ్ళకు ఆనవు, ప్రోగ్రాముకు ఆనుతాయి. పుస్తకం ఆఫీసు బీరువాలోకి పోకముందే స్టోర్స్ గుమాస్తా దయతలచి పేజీలన్నీ ఫోటో తీసుకోనిచ్చాడు.

మరదలు ఒక్కో ఫోటో పెద్దది చేసి చదువుతుంటే ఆయన టైపు చేస్తున్నాడు. నలభై ఏడు. యాభై నాలుగు. నలభై రెండు. మొగుడి రాత దగ్గర ఆమె తడబడేది. ఈయన ఒకటికి తోక పెడతాడు, ఏడనుకుంటాం అనేది, అని ఒక క్షణం ఆ అంకె వైపే చూసేది. రాత్రి షిఫ్టు గడులకు వచ్చేసరికి నోరు పరుగెత్తేది. యాభై, యాభై, యాభై, యాభై.

"మీ గడులు చదవడానికి కళ్ళు కూడా అక్కర్లేదు బావా," అంది.

ఇద్దరూ నవ్వారు. పన్నెండు రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. వంటింట్లోంచి భార్య గరిటె పట్టుకుని మరీ తొంగిచూసి వెళ్ళింది.

యాభైల పేచీ తెగక ఆయన పైథాన్ నేర్చుకునేవాళ్ళ గ్రూపులో ప్రశ్న పెట్టాడు. ఒకడు ముందు వెతకడం నేర్చుకోండి తాతగారూ అన్నాడు. ఇంకొకడు చప్పట్ల బొమ్మ పెట్టి పోయాడు. పిచ్చుక బొమ్మ పెట్టుకున్న వ్యక్తి ఒకరున్నారు. ఆడో మగో, ఏ ఊరో తెలీదు. ఎప్పుడు అడిగినా విసుక్కోకుండా చెప్పేది ఆ పిచ్చుకే. ఫైలులోంచి వచ్చిన యాభై ఉత్త అక్షరాలండీ, మీరు పోలుస్తున్న యాభై అంకె. ముందు అక్షరాలను అంకెగా మార్చమని దానికి చెప్పాలి, చెప్పకపోతే దానికేం తెలుస్తుంది అని రాసింది. మార్చాడు. పేచీ తీరింది. పాములాయన రెండు చేతులూ జోడించి తెరకు దణ్ణం పెట్టాడు. మరదలు ఫోను పక్కన పెట్టి, పనయిందా బావా అని అడిగింది. సగం అయిందమ్మా అన్నాడు.

మంగళవారం పొద్దున ఆసుపత్రికి వెళ్ళాడు. పెద్ద బాయిలర్ పగిలాక చిన్నదాన్ని పగలు మాత్రమే నడుపుతున్నారు. పొద్దుటి పూటకు ఎవరో కాంట్రాక్టు మనిషిని తెచ్చారు, మధ్యాహ్నం రెండింటి నుంచి పాములాయన. అందుకని ఆయనకు పొద్దున్న తీరిక.

తోడల్లుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చేతులు రెండూ రెండు దిండ్ల మీద పరిచి ఉన్నాయి. పాములాయన చెంచాతో నీళ్ళు పట్టించి, గడ్డం మీద జారిన చుక్క తుడిచి, ప్రోగ్రాము సంగతంతా చెప్పాడు. శుక్రవారం ఆ మేనేజరు నోరు మూయిస్తానన్నాడు. అతను వింటూ వింటూ పైకప్పు వైపు చూశాడు.

"అవన్నీ ఎందుకన్నయ్యా, వదిలెయ్," అన్నాడు. "సంతకం పెట్టింది నేనే కదా."

బాధలో ఏదో అంటున్నాడులే అనుకున్నాడు పాములాయన. చేతులు కాలినవాడికి లోకం మీద విరక్తి పుట్టక ఏం పుడుతుంది? ధైర్యంగా ఉండరా అని భుజం తట్టబోయి, ఎక్కడ తట్టాలో తెలియక మంచం పట్టీ మీద తట్టి వచ్చేశాడు.

బుధవారానికి అంకెలన్నీ ఎక్కాయి. ఒకే అంకె వరుసగా నాలుగుసార్లకు మించి ఎక్కడెక్కడ వచ్చిందో చూపించమని రాశాడు. మీట నొక్కాడు. తెర మీద వరసలు జారుకుంటూ వచ్చాయి. అన్నీ రాత్రి షిఫ్టువే. పొద్దుటిది ఒక్కటీ లేదు, మధ్యాహ్నానిది ఒక్కటీ లేదు. ఆయనకు చిరాకెత్తింది. ప్రోగ్రాము మిగతా రెండు షిఫ్టులనూ మింగేస్తోంది అనుకున్నాడు. మెలిక ఎక్కడుందోనని ఒక్కో లైనూ వేలు పెట్టి చదివాడు. రెండు చోట్ల ఖాళీలు సరిచేశాడు. మళ్ళీ అవే వరసలు. డ్యూటీకి వేళవుతుంటే, ఫైలూ ప్రోగ్రామూ రెండూ గ్రూపులో పెట్టి, గొట్టం మూసుకుపోయిందన్న తన అనుమానమూ చెప్పి, నా ప్రోగ్రాముకి ఒక్క షిఫ్టే ఎందుకు కనిపిస్తోంది, ఎల్లుండి లోపు చెప్పండి, ఒక మనిషి బతుకు దీని మీద ఆధారపడి ఉంది అని రాసి వెళ్ళాడు.

గురువారం పొద్దున లేచి మొహం కడుక్కోకుండానే తెర తెరిచాడు. పిచ్చుక జవాబు వచ్చి ఉంది.

"మీ ప్రోగ్రాములో తప్పేమీ లేదండీ. మూడు షిఫ్టులనూ చూస్తోంది. మిగతా రెండింట్లో అంకెలు కదులుతున్నాయి కాబట్టి అవి రాలేదు. రాత్రి షిఫ్టులో మూడు వందల ఇరవై గడులుంటే మూడు వందల ఏడింట్లో యాభై ఉంది. గొట్టం మూసుకుపోతే అన్ని షిఫ్టులకూ మూసుకుపోవాలి కదా. రాత్రుళ్ళు మాత్రమే మూసుకుపోయే గొట్టం ఉండదు. బాయిలర్ల గురించి నాకేమీ తెలీదు, కానీ ఆ షిఫ్టు మనిషి చూడకుండా రాస్తున్నట్టుంది. ఒకసారి ఆయన్ని అడిగి చూడండి."

చివర చిన్న నవ్వు బొమ్మ కూడా ఉంది.

పాములాయన రెండోసారి చదవలేదు. కాఫీ పెట్టమంటారా అని భార్య అడిగితే వద్దన్నాడు. కాసేపాగి పెట్టమన్నాడు. పెట్టి తెస్తే తాగలేదు.

తెలియక కాదు. పెన్ను పట్టింది తనే, మొన్న టైపు చేసిందీ తనే. తెల్లవారుజామున ఐదున్నరకి బల్ల ముందు కూర్చుని ఎనిమిది గడులూ ఒక్క ఊపులో నింపేవాడు. ఎప్పుడో ఒకటీ అరా రాత్రి అలా చేశానులే అని ఆయన గట్టిగా నమ్మాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందని అందరం నవ్వుతాం. ఆ పిల్లికి కూడా తను కళ్ళు మూసుకున్న సంగతి తెలీదేమో. మూడు వందల ఏడు.

గొట్టం కింద ఒక కుళాయి ఉంటుంది. షిఫ్టు మారేటప్పుడు దిగేవాడూ ఎక్కేవాడూ ఇద్దరూ నిలబడి దాన్ని తిప్పాలి. భుస్సుమని మడ్డి బయటికి పోతుంది, మూయగానే నీళ్ళు మళ్ళీ పైకి లేచి అసలు మట్టం దగ్గర ఆగుతాయి. అది చూసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఏడేళ్ళ కిందట, చేరిన మూడో రోజో నాలుగో రోజో, తోడల్లుడు ఆ కుళాయి మీద చెయ్యి వేయబోయాడు. నేను చేశాన్లేరా, నా మీద నమ్మకం లేదా అన్నాడు పాములాయన. నవ్వుతూనే అన్నాడు. అతను ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. పెద్దల్లుడు చేశానన్నాక చిన్నల్లుడు మళ్ళీ తిప్పి చూస్తే ఆ తర్వాత ఒక ఇంట్లో కూర్చుని ఎలా భోంచేస్తారు? అప్పటి నుంచి పాములాయన చేశాననడమూ అతను సంతకం పెట్టడమూ. ఆ చేశాననే మాట ఎన్ని రోజులు నిజమో ఇప్పుడు ఏ ప్రోగ్రామూ లెక్కతేల్చలేదు. ఆ రాత్రి మాత్రం నీళ్ళు తోడే పంపు మొరాయించింది. లోపల మట్టం దిగుతూ ఉంటే గాజు మడ్డి పట్టి యాభై దగ్గరే నిలబడింది. ఆయన యాభై అనే రాసి, చేశాన్రా అనే చెప్పి, సంచీ భుజాన వేసుకుని బస్సుకి నడిచాడు.

మధ్యాహ్నానికి ఆయన బుర్ర ఇంకో దారి వెతికింది. షిఫ్టు గడిని తీసేస్తే? ఒక్క లైను చెరిపితే చాలు. నలభై రోజుల్లో గొట్టం మూడు వందల ఏడుసార్లు యాభై దగ్గర కదలకుండా నిలబడింది అని వస్తుంది. ఏ పూట, ఎవరి చేత్తో అన్నది ఉండదు. తప్పు గాజుది, గాజు మార్పించనందుకు మిల్లుది. తోడల్లుడు బయటపడతాడు, తనూ బయటపడతాడు, పాము చావదు, కర్ర విరగదు. చెరిపాడు. చెరిపాక సిగ్గేసింది. అయినా వీధి చివర జిరాక్సు కొట్టుకి వెళ్ళి రెండూ ప్రింటు తీయించాడు, షిఫ్టులున్నదీ, లేనిదీ.

కొట్టులోంచి బయటికి వస్తుంటే మరదలు ఎదురైంది. ఆసుపత్రి నుంచి అక్క ఇంటికే వస్తోంది. కుడిచేతివి మూడు వేళ్ళు తీసేస్తారట, ఎడమవి ఉంటాయట. ఈ మాట చెబుతున్నప్పుడు ఆమె ఏడవలేదు. కాగితాలు తీసుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అక్కడే రోడ్డు పక్కన నిలబడి రెండూ చదివింది. ఆమె ఇంటరు దాకా చదువుకున్న మనిషి. పైగా ఆ అంకెలన్నీ ఆమె నోటి మీదుగా వచ్చినవే.

"ఆయన రోజూ ఏడింటికి తిప్పేవాడట బావా, ఆ కుళాయి."

"ఏడింటికా? ఆరింటికి ఎక్కితే ఏడింటికెందుకు?"

"మీరు గేటు దాటి, బస్సెక్కేదాకా ఆగేవాడట. మీ కళ్ళ ముందు తిప్పితే బాగోదని."

ఆరూ నలభైకి పగిలింది. ఇంకో ఇరవై నిమిషాలుంటే తిప్పేవాడే. పాములాయన కొట్టు అరుగు పట్టుకుని నిలబడ్డాడు. కొట్టువాడు, లోపలికొచ్చి కూర్చోండి సార్, ఎండగా ఉంది అన్నాడు. ఆమె కాగితాలు రెండూ ఒకదాని మీద ఒకటి సర్ది ఆయన చేతిలో పెట్టింది.

"మీ పేరు ఎక్కడా ఎత్తనని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అక్కకి కూడా చెప్పను. ఈ రెండింట్లో ఏదిస్తారో మీ ఇష్టం," అని ఇంటివైపు నడిచింది. ఆయన వెంట నడవలేదు, అటునుంచి అటే డ్యూటీకి పోయాడు.

శుక్రవారం పదకొండింటికి పిలిచారు. పొడవాటి బల్లకు ఒక పక్క ఇన్‌స్పెక్టరు, ఆయన పక్కన మేనేజరు, ఎదురుగా ఒక ఖాళీ కుర్చీ. పాములాయనను కూర్చోమన్నారు. ఆయన షిఫ్టులు లేని కాగితమే తీసి ఇచ్చాడు. ఎందుకిచ్చావయ్యా అంటే ఏం చెబుతాం, ప్రాణం తీపి. కాగితం బల్ల మీద పెట్టి జరిపాడు.

ఇన్‌స్పెక్టరు చదివి కళ్ళెత్తాడు. ఇది మీరే చేశారా అని అడిగాడు. బాయిలర్ మనుషుల్లో ఇలాంటివాళ్ళను చూడలేదే అని మెచ్చుకున్నాడు. గొట్టం ఇన్నాళ్ళు మూసుకుపోయి ఉంటే నిద్ర అనడానికి వీల్లేదన్నాడు. పాములాయన కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు. అప్పుడు మేనేజరు ఆ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. నెమ్మదిగా చదువుకుని, ఇది మా మంచికే వచ్చిందండీ అన్నాడు.

"నలభై రోజులుగా గొట్టం కదల్లేదంటున్నారు. మరి ఈ మనిషి పొద్దుటి షిఫ్టులో రోజూ నలభై ఏడు, యాభై నాలుగు అని రాశాడే? కదలని గొట్టంలో అవెక్కణ్ణుంచి వచ్చాయి? రోజూ దొంగలెక్కలే రాశాడన్నమాట. నిద్ర తీసేసి అదే రాసుకుందాం."

ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశాడు. మూత తీయడం, దాన్ని పెన్ను వెనక తగిలించడం, కాగితం మీదికి వంగడం, అన్నీ పాములాయన చూస్తూనే ఉన్నాడు. ఆ పుస్తకం మొత్తంలో కళ్ళతో చూసి రాసిన అంకెలు ఎవరివో ఆ గదిలో తెలిసినవాడు తనొక్కడే. నిద్ర అన్న మాట కొట్టేయించడానికి వచ్చి, దొంగ అన్న మాట రాయిస్తున్నాడు. లోపలి జేబులో రెండో కాగితం మడత గుచ్చుకుంటోంది.

"ఆగండి సార్," అన్నాడు. "అందులో ఒక గడి తీసేశాను. అసలుది ఇది."

ఇన్‌స్పెక్టరు రెండో కాగితం చాలాసేపు చదివాడు. మేనేజరు మెడ చాచాడు.

"రాత్రి షిఫ్టు ఎవరు?"

"నేనే సార్."

కుళాయి సంగతి, ఏడింటి సంగతి, ఏడేళ్ళ కిందట నవ్వుతూ అన్న మాట సంగతి అన్నీ చెప్పాడు. మధ్యలో నీళ్ళడిగి తాగి మళ్ళీ చెప్పాడు. ఇన్‌స్పెక్టరు నిద్ర అన్న మాట మీద అడ్డగీత గీసి, పక్కన పొట్టి సంతకం చేశాడు. కింద రెండు లైన్లు రాసి చదివి వినిపించాడు. రాత్రి షిఫ్టు మనిషి కొలవకుండా కొలతలు రాశాడు, గొట్టం కడగకుండా కడిగానన్నాడు. పొద్దుటి షిఫ్టు మనిషి స్వయంగా చూసుకోకుండా ఆ మాట నమ్మి సంతకం పెట్టాడు. నమ్మడం కూడా తప్పేనా సార్ అని పాములాయన అడిగాడు. బాయిలర్ దగ్గర తప్పేనండీ అన్నాడు ఆయన, కటువుగా కాదు. పొద్దుటి మనిషికి లైసెన్సు ఉంటుంది, ఆరు నెలలు ఆపుతారు. పాములాయనకు రేపటి నుంచి సస్పెన్షను, తర్వాత కేసు. ఇవాళ మధ్యాహ్నానికి వేరే మనిషి లేడు కాబట్టి డ్యూటీ చేసి పొమ్మన్నాడు మేనేజరు.

గేటు బయట మరదలు నిలబడి ఉంది. చేతిలో కారేజీ, ఆసుపత్రికి వెళ్ళాలి.

"ఆ మాట కొట్టేశారా?"

"కొట్టేశారు."

ఆమె తలూపింది. ఏ కాగితం ఇచ్చారని అడగలేదు. ఆయన మొహం చూస్తే అడగక్కర్లేదు. భోజనం చేశారా అని కూడా అడగలేదు. కారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని బస్సు వైపు వెళ్ళిపోయింది. లైసెన్సు ఉన్నా మూడు వేళ్ళు లేని చేత్తో కుళాయి ఎలా తిప్పుతాడని ఆయన ఆమె వెనకే చూస్తూ నిలబడ్డాడు. ఇంటికెళ్ళి ఇదంతా భార్యకు తనే చెప్పాలి.

రెండింటికి చిన్న బాయిలర్ షెడ్డులోకి వెళ్ళాడు. కాంట్రాక్టు మనిషి అప్పటికే చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, సంచీ సర్దుకుని ఉన్నాడు. వయసులో పాములాయన అంతటివాడే, నెమ్మదస్తుడు. పుస్తకం తెరిచి పట్టుకుని, "అంతా చూసేశాను పాములాయనా, గొట్టం కూడా కడిగేశాను. సంతకం పెట్టెయ్, నా బస్సుకి టైమయింది," అన్నాడు.

గాజులో నీళ్ళు సరిగ్గా సగానికి ఉన్నాయి. పాములాయన పుస్తకం అందుకోలేదు. వంగి, కుళాయి మీద చెయ్యి వేశాడు.

"చెప్పాను కదా, చేశానని," అన్నాడు ఆ మనిషి. మొహం చిన్నబోయింది. ఏడేళ్ళ పాటు తోడల్లుడు చూడకుండా తప్పించుకున్నది ఈ మొహాన్నే.

పాములాయన కుళాయి తిప్పాడు. భుస్సుమని వేడి నీళ్ళూ తుప్పు రంగు మడ్డీ కాలువలోకి కొట్టాయి. పదంకెలు లెక్కపెట్టి మూశాడు. గాజులో నీళ్ళు పైకి లేచాయి, సగం దాకా రాలేదు. ఊగి, కాస్త దిగి, ఆగాయి. ఆయన కళ్ళద్దాలు సరిచేసుకుని, మొహం దగ్గరగా పెట్టి, గీతలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. పంపు ఆన్ చేశాడు. అప్పుడు పుస్తకం తీసుకుని, ఆ మనిషి రాసిన యాభై కింద గడిలో ముప్పై ఎనిమిది అని రాసి సంతకం పెట్టి, పెన్ను అతనికి అందించాడు.